బేటరీ లైటుకు ఎంత బుర్ర కావాలి?

రాయగడ బజారులో గానీ, జయపురం మెయిన్ రోడ్డులో గానీ ఎలక్ట్రికల్ సామాన్ల కొట్టు ముందు నిలబడితే మూడు తరాల టార్చిలైట్లు ఒకే అద్దాల బీరువాలో కనబడతాయి. ఒక మూల పెద్ద సెల్లులు పట్టే పాత గొట్టం లైటు, ఇప్పుడు బల్బు స్థానంలో ఎల్‌ఈడీతో. దాని పక్కన గోడ ప్లగ్గులో నేరుగా గుచ్చి ఛార్జి చేసుకునే ప్లాస్టిక్ లైట్లు. పై అరలో లిథియం బ్యాటరీ, యూఎస్‌బీ రంధ్రం, జూమ్, అయిదు రకాల వెలుగు ఉన్న నల్లటి అల్యూమినియం లైట్లు. కొనేవాళ్లు అడిగేది ఒక్కటే: "ఎన్నాళ్లొస్తాది?" కొట్టతను చెప్పేదీ ఒక్కటే: "గ్యారంటీ లేదండి."

పాత ఇత్తడి లైటు తాత కొన్నది మనవడి దాకా వచ్చింది, ఈ ఎల్‌ఈడీలు వానాకాలం దాటడం లేదు, లోపల ఎలక్ట్రానిక్స్ ఎక్కువైపోవడమే దీనికి కారణం అనే మాట ఈ ప్రాంతంలో తరచూ వింటాం. అందులో సగం నిజం. మిగతా సగం తప్పు. మన చేత పనికిరాని లైటు కొనిపిస్తున్నది ఆ తప్పు సగమే.

నగరంలో టార్చిలైటు అంటే కరెంటు పోయినప్పుడు కొవ్వొత్తి దొరికేదాకా పనికొచ్చే వస్తువు. కోరాపుట్, రాయగడ జిల్లాల్లో దాని హోదా వేరు. 1,672 మీటర్ల దేవమాలి కొండ నుంచి నాగావళి, వంశధార లోయల దాకా ఊళ్లు గుట్టకొకటిగా విడిపోయి ఉంటాయి. ఇప్పపువ్వు రాలే రోజుల్లో తెల్లవారకముందే చెట్టు కిందికి చేరాలి. చోడి చేలు కోతకొచ్చే వేళ పందుల కాపలాకు రాత్రంతా మంచె మీద ఉండాలి. చీకట్లో కాలు పడే చోట రక్తపింజర ఉండవచ్చు. నేల మీద పడుకున్న ఇంట్లోకి కట్లపాము రావచ్చు. భారతదేశంలో పాముకాటు మరణాలు ఏటా సగటున 58,000 అని 2020లో వెలువడిన పరిశోధన అంచనా కట్టింది. ఒడిశా ప్రభుత్వం 2015లోనే పాముకాటును రాష్ట్ర విపత్తుల జాబితాలో చేర్చింది. రాత్రి నడకలో చేతిలో లైటు ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ విషయంలో ఇచ్చే మొదటి సలహాల్లో ఒకటి.

కరెంటు మాటకొస్తే, డుడుమ జలపాతం దగ్గర మాచ్‌ఖండ్ కేంద్రం 1955 నుంచీ విద్యుత్తు పుట్టిస్తోంది, ఆంధ్రా ఒడిశా పంచుకుంటున్నాయి. తీగలు ఊళ్లకూ వచ్చాయి. అయినా ఘాటీలో ఒక్క చెట్టు కూలితే చాలు, లైనుమన్ కొండెక్కేదాకా చీకటే. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు ఆ చీకటి రోజుల తరబడి సాగింది. ఇలాంటి చోట లైటు చెడిపోవడం అసౌకర్యం దగ్గర ఆగదు.

ముందు పాత లైటు సంగతి చూద్దాం, దాని మీద మనకున్న భక్తిని కాసేపు పక్కనపెట్టి. అమెరికాలో డేవిడ్ మిసెల్ పేరిట 1899 జనవరిలో గొట్టం లైటుకు పేటెంటు వచ్చింది. అప్పటి నుంచి దాదాపు వందేళ్లు అందులో పెద్దగా ఏదీ మారలేదు. సెల్లులు, స్ప్రింగు, స్విచ్చి, బల్బు, వెనక అద్దం. ఎవరెడీ అయినా, నెల్లూరులో తయారయ్యే నిప్పో సెల్లులైనా, సంతలో ఉప్పు చింతపండుతో పాటే దొరికేవి.

అయితే ఆ లైటు చెడిపోయేది కాదా? తరచూ చెడిపోయేది. చల్లగా ఉన్న తీగలోకి కరెంటు ఒక్కసారిగా దూకితే ఫిలమెంటు తెగేది. రెండు సెల్లుల చిన్న బల్బు ఆయుష్షు గంటల్లోనే లెక్క. సెల్లు తన జింకు డబ్బాను తానే తినేసుకుని, లోపలి పసరు కారి, స్ప్రింగు పచ్చగా తుప్పు పట్టేది. వానాకాలం మరీను. కానీ ఆ జబ్బులన్నీ కంటికి కనబడేవి. స్ప్రింగును గరుకు కాగితంతో రుద్దేవారు. సెల్లుల మధ్య సిగరెట్టు పెట్టె వెండి కాగితం మడిచి పెట్టేవారు. కొన్ని లైట్లకు అడుగు మూతలోనే అదనపు బల్బు ఉండేది. అంటే తయారుచేసినవాడికే తెలుసు, ఇది ఆరిపోతుందని. తాత నుంచి మనవడి దాకా వచ్చింది ఇత్తడి గొట్టం మాత్రమే, లోపలివన్నీ పదేపదే మారాయి.

ఎల్‌ఈడీ ఈ లెక్కను తలకిందులు చేసింది. 1993లో జపాన్‌లోని నిచియా కంపెనీలో షూజీ నకమురా ప్రకాశవంతమైన నీలి ఎల్‌ఈడీని సాధించాడు. దానికి ముందు పునాది వేసిన అకసాకి, అమానోలతో కలిసి 2014లో నోబెల్ అందుకున్నాడు. నీలి వెలుగు మీద పసుపు ఫాస్ఫర్ పొర పూస్తే తెల్లటి వెలుగు వస్తుంది. ఇందులో తెగే తీగ లేదు. మంచి ఎల్‌ఈడీ 50,000 గంటలకు కూడా ఆరిపోదు, తొలి వెలుగులో 70 శాతానికి దిగుతుంది, అంతే. దీపం అమరమైంది. అయినా లైటు ఆరునెలలకే ఎందుకు పోతోంది?

తెల్ల ఎల్‌ఈడీ వెలగాలంటే సుమారు 3 వోల్టులు కావాలి. ఒక సెల్లు ఇచ్చేది 1.5. రెండు పెడితే కొత్తలో సరిపోతుంది, నాలుగు రోజులకు సరిపోదు. మూడు పెడితే 4.5, అది ఎక్కువ. బల్బు ఎంతిచ్చినా సర్దుకునేది, ఎల్‌ఈడీ సర్దుకోదు. వోల్టేజి కాస్త పెరిగితే దానిలో ప్రవహించే కరెంటు ఎన్నో రెట్లు పెరుగుతుంది. కాబట్టి సెల్లుకూ ఎల్‌ఈడీకీ మధ్య ఒక సర్క్యూటు ఉండి తీరాలి. దాన్నే డ్రైవర్ అంటారు. ఈ కాస్త సంక్లిష్టత ఎవరో సరదాకు పెట్టింది కాదు.

ఇక్కడే చవక లైట్ల అసలు గుట్టు ఉంది. మూడు చిన్న సెల్లులకు తొమ్మిది ఎల్‌ఈడీలను సమాంతరంగా అతికించి, మధ్యలో ఏమీ లేకుండా అమ్ముతారు. ఏమీ లేదంటే నిజంగా ఏమీ లేదు, రూపాయి ఖరీదు చేయని రెసిస్టరు కూడా. మరి కొన్నాళ్లయినా ఎలా వెలుగుతోంది? దానితో వచ్చిన నాసిరకం సెల్లులకు తగినంత కరెంటు ఇచ్చే శక్తి లేక. ఆ నీరసమే ఎల్‌ఈడీలను కాపాడుతోంది. పాపం, కొన్నవాడు మంచిదే పెడదామని ఖరీదైన ఆల్కలైన్ సెల్లులు వేస్తాడు. 20 మిల్లీఆంపియర్లకు తయారైన చిన్న ఎల్‌ఈడీలు కొన్నాళ్లకే ఊదారంగుకు తిరిగి ఒక్కొక్కటిగా ఆరిపోతాయి. ఇంతకన్నా సరళమైన లైటు లోకంలో లేదు. ఇంతకన్నా నమ్మరానిదీ లేదు.

అందుకే సరళమైతే మన్నిక, సంక్లిష్టమైతే చేటు అన్న సూత్రాన్ని నేను ఒప్పుకోను. ఆ సూత్రానికి లెక్కల్లో ఆధారం లేకపోలేదు. జర్మనీలో వీ-1 ఎగిరే బాంబును రూపొందించిన రాబర్ట్ లుసర్ పేరు మీద ఒక నియమం ఉంది. వరసగా పనిచేసే భాగాలన్నిటి నమ్మకాన్నీ గుణిస్తేనే మొత్తం యంత్రం నమ్మకం తేలుతుంది. ఒక్కో భాగం నూటికి 99 సార్లు పనిచేస్తే, అయిదు భాగాల పాత లైటు 95 సార్లు వెలుగుతుంది, ఇరవై భాగాల కొత్త లైటు 82 సార్లే. లెక్క సరైనదే. కాకపోతే అన్ని భాగాలకూ ఒకే 99 వేయడం కుదరదు. చెడిపోయిన లైట్లు విప్పి చూస్తే డ్రైవర్ చిప్పు నిక్షేపంగా ఉంటుంది. పోయేవి మనిషి వేలు తగిలేవి: స్విచ్చి, స్ప్రింగు, మూత మర, ఛార్జింగు రంధ్రం. వాటి తరువాత పోయేది రసాయనం ఉన్నది, అంటే బ్యాటరీ.

బ్యాటరీ దగ్గరికొచ్చాం కనుక, ఈ జిల్లాల్లో విరివిగా అమ్ముడుపోయే ప్లగ్గు లైటు గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి.

దాని కడుపులో 4 వోల్టుల చిన్న సీసపు బ్యాటరీ ఉంటుంది, మోటారు సైకిలు బ్యాటరీకి చంటిబిడ్డ లాంటిది. సీసపు బ్యాటరీకి ఒక నియమం ఉంది: ఖాళీగా ఉంచకూడదు. పూర్తిగా వాడేసి, ఛార్జి పెట్టకుండా నెలల తరబడి దూలం మీద పడేస్తే పలకల మీద సల్ఫేటు గట్టిపడుతుంది, మళ్లీ ఛార్జి పట్టదు. కరెంటు సరిగా ఉన్న ఇంట్లో ఈ లైటు అవసరమే పెద్దగా ఉండదు. కరెంటు లేని చోట దానికి తిండి ఉండదు. ఎవరికి అవసరమో వాళ్ల ఇంట్లోనే అది ముందుగా చస్తుంది.

ఛార్జింగు సర్క్యూటు అంతకన్నా ఘోరం. 230 వోల్టులను తగ్గించడానికి ట్రాన్స్‌ఫార్మరు వాడితే బరువు, ఖర్చు. కాబట్టి ఒక కెపాసిటరు, నాలుగు డయోడ్లు పెట్టి పని కానిస్తారు. ఈ పద్ధతిలో గోడ కరెంటుకూ లైటు లోపలి లోహాలకూ మధ్య అడ్డుగోడ ఉండదు. ప్లగ్గులో ఉండగా పగిలిన లైటును ముట్టుకుంటే మెయిన్ లైనును ముట్టుకున్నట్టే. పిల్లలున్న ఇంట్లో ఇది చిన్న విషయం కాదు. పైగా చాలా లైట్లలో ఆ ఎర్రటి ఛార్జింగు దీపం బ్యాటరీతో నిమిత్తం లేకుండా వెలుగుతుంది. దాని అర్థం గోడలో కరెంటు ఉంది అని, అంతవరకే. బ్యాటరీ చచ్చి మూడు నెలలైనా ఎర్రదీపం నవ్వుతూనే ఉంటుంది. రాత్రంతా ఛార్జి పెట్టి, ఇప్పచెట్టు దాకా వెళ్లాక సంగతి తెలుస్తుంది.

ఇందులోనూ భాగాలు తక్కువే. బ్యాటరీ నిండగానే ఆపే చిప్పు లేదు, అడుగంటకముందే ఆపే చిప్పు లేదు. ఉండాల్సిన సంక్లిష్టత లేకపోవడమే దీని జబ్బు.

లిథియం లైట్లు ఈ విషయంలో నిస్సందేహంగా మెరుగు. 18650 అని పిలిచే సెల్లు, అంటే 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు, 3.7 వోల్టులది, ఒక్కటే ఎల్‌ఈడీకి సరిపోతుంది. నెలల తరబడి పక్కన పెట్టినా ఛార్జి నిలుపుకుంటుంది. అయితే 4.2 వోల్టులు దాటనివ్వకుండా, మరీ అడుగంటనివ్వకుండా కాపలా సర్క్యూటు ఉండాలి. ఉంటే ఏళ్ల తరబడి పనిచేస్తుంది. లేకపోతే త్వరగా చెడిపోతుంది, కొన్నిసార్లు నిప్పంటుకుంటుంది. ఇక సెల్లు మీద రాతల సంగతి. 6,800, 9,900 మిల్లీఆంపియర్ అవర్లు అని అచ్చేసినవి సంతల్లో దొరుకుతున్నాయి. పేరున్న కంపెనీలే ఈ సైజులో 3,500 దగ్గర ఆగుతాయి. కాబట్టి 9,900 అని ఉన్న సెల్లును చూడగానే పక్కన పెట్టేయడం తేలిక, ఇక పరీక్షించే పనే లేదు. మన దేశంలో లిథియం సెల్లులకు ఐఎస్ 16046 కింద బీఐఎస్ నమోదు తప్పనిసరి. ఆ గుర్తు కోసం చూడటం ఒక్క నిమిషం పని.

యూఎస్‌బీ రంధ్రం గురించి ఒక మాట. టైప్-సీ రంధ్రం 10,000 సార్లు గుచ్చినా తట్టుకునేలా రూపొందింది. టార్చిలైటులో అది పోయేది గుచ్చడం వల్ల కన్నా దాన్ని పలకకు సరిగా అతకకపోవడం వల్ల, రబ్బరు మూత ఊడి వాననీరు దిగడం వల్ల. ఇంకో విచిత్రం, 5.1 కిలో ఓముల రెండు రెసిస్టర్లు మిగుల్చుకున్న తయారీదారు వల్ల కొన్ని లైట్లు కొత్తరకం ఫోను ఛార్జరుకు తగిలిస్తే అసలు ఛార్జే కావు. లైటు చెడిపోయిందనుకుని పారేసినవాళ్లు ఎందరో! పాత రకం వెడల్పు మూతి కేబులుతో పెడితే అదే లైటు చక్కగా ఛార్జి అవుతుంది.

ఇంతకన్నా పై మెట్టులో వేల రూపాయల లైట్లున్నాయి. వాటిలో చిన్న కంప్యూటరే ఉంటుంది. అందురిల్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు ఈ రంగంలో పేరుమోసింది. ఒక్క బొత్తాం మీదే వెలుగు పెంచడం, తగ్గించడం, కొవ్వొత్తిలా రెపరెపలాడించడం, మెరుపులు, బ్యాటరీ ఎంతుందో మిణుకులతో లెక్కచెప్పడం అన్నీ జరుగుతాయి. జేబులో దానంతటది వెలిగి కాలకుండా నాలుగుసార్లు నొక్కితే తాళం పడుతుంది, మళ్లీ నాలుగుసార్లు నొక్కితే వీడుతుంది. ఇష్టంగా నేర్చుకున్నవారికి ఇది ఎంత బాగుంటుందో, నిద్రలేచి పామేమోనని లైటందుకున్న ముసలమ్మకు అంత పనికిరాదు. సాఫ్ట్‌వేరు తప్పకుండా పనిచేస్తుంది, నొక్కులు లెక్కపెట్టాల్సిన వేలు తడబడుతుంది. లైటు నమ్మకాన్ని లెక్కగట్టేటప్పుడు ఆ వేలిని కూడా ఒక భాగంగా కలపాలి. అదే తాళానికి పాత ఉపాయం ఒకటుంది: అల్యూమినియం మరకు పూసిన పొర కరెంటును పోనివ్వదు కనుక అడుగు మూతను పావు చుట్టు వదులుచేస్తే చాలు, లైటు ఇక వెలగదు. చీకట్లో కూడా చేత్తో తెలుస్తుంది.

అయినా ఈ ఖరీదైన లైట్లలో ఒక మంచి గుణం ఉంది. ఎల్‌ఈడీ వేడి ముందుకు పోదు, వెనక్కి ఒంట్లోకి దిగుతుంది. వేడి ఎక్కువైనప్పుడు వెలుగును తగ్గించుకునే తెలివి ఉన్న లైటు తనను తాను కాపాడుకుంటుంది. ప్లాస్టిక్ గొట్టంలో బిగించిన పెద్ద ఎల్‌ఈడీ ఆ తెలివి లేక మాడిపోతుంది. మరోవైపు, వెలుగును ఆఖరిదాకా ఒకేలా ఉంచే డ్రైవర్ ఉన్న కొన్ని లైట్లు హఠాత్తుగా ఆరిపోతాయి. పాత బల్బు పసుపుపచ్చగా మారి, ఎర్రబడి, "ఇక ఇంటికి పద" అని హెచ్చరించేది. నడిఘాటీలో ఆ హెచ్చరిక విలువ ఇంతా అంతా కాదు. బ్యాటరీ తగ్గుతుంటే మెట్టు మెట్టుగా వెలుగు దించే లైటును వెతుక్కోవాలి.

ఈ మొత్తం చర్చకు మంచి జవాబు నాకు రైల్వేలో కనబడింది. కోరాపుట్-రాయగడ మార్గం సొరంగాలు, ఎత్తైన వంతెనలతో కొండల్ని తొలుచుకుంటూ పోతుంది. వానాకాలంలో కొండచరియలు పట్టాల మీద పడటం ఇక్కడ కొత్త కాదు. 2017 జులైలో పక్కనున్న మరో లైనులో తేరుబలి దగ్గర రైలు వంతెనే వరదకు కొట్టుకుపోయింది. ఈ పట్టాల మీద రాత్రి వానలో నడిచే పేట్రోల్‌మన్ చేతిలో ఒకప్పుడు కిరసనాయిలు దీపం ఉండేది, ఇప్పుడు మూడు రంగుల ఎల్‌ఈడీ టార్చి. ఆ లైటు ఎప్పుడూ చెడదని రైల్వే అనుకోలేదు. ఎర్రదీపం లేనప్పుడు తెల్లదీపాన్నే ఒంటికి అడ్డంగా గట్టిగా ఊపితే డ్రైవరు దాన్ని ఆగమన్న సంకేతంగానే తీసుకోవాలని జనరల్ రూల్స్ చెబుతున్నాయి. లైటే లేకపోతే పట్టాల మీద పెట్టే డిటొనేటర్లు ఉంటాయి, చక్రం ఎక్కగానే పేలతాయి. నమ్మకాన్ని పరికరం ఒక్కదానిలోనే వెతకకుండా, అది విఫలమైతే ఏం చేయాలో ముందే రాసిపెట్టుకున్నారు. ఇంటి లైటు విషయంలో మనకా అలవాటు లేదు. ఉన్నదల్లా సెల్‌ఫోను లైటు. పాము కరిచిన రాత్రి 108కి చేయాల్సిన ఫోనులో ఛార్జి అంతా దారి చూపడానికే అయిపోతే ఏం చేస్తాం?

ప్రమాణాల సంగతి త్వరగా ముగిస్తాను. అమెరికాలో 2009లో వచ్చిన ఎఫ్ఎల్-1 ప్రమాణం టార్చిలైటు పెట్టె మీది అంకెలను దారిలో పెట్టింది. వెలుగు ఎంత దూరం అంటే పున్నమి వెన్నెలంత, అంటే 0.25 లక్స్ ఉన్నంత దూరం. ఎంతసేపు అంటే మొదటి వెలుగులో పదో వంతుకు పడిపోయేదాకా. నీళ్లలో మీటరు లోతున అరగంట ఉంటే ఐపీఎక్స్-7. మంచివే. కానీ రెండేళ్ల తరువాత ఆ లైటు వెలుగుతుందా, స్విచ్చి ఎన్నిసార్లు నొక్కితే పోతుంది అనే ప్రశ్నకు ఆ పెట్టె మీద అంకె లేదు. 2009 ప్రాంతంలో లారెన్స్ బర్కిలీ ప్రయోగశాల తరఫున పరిశోధకులు కెన్యాలో చవక ఎల్‌ఈడీ టార్చీలు వాడేవాళ్లను అడిగితే అత్యధికులు ఆరునెలల్లోపే ఇబ్బంది పడ్డామన్నారు. స్విచ్చి, బ్యాటరీ, మాడిన ఎల్‌ఈడీలు, అవే ఫిర్యాదులు. ఒక నాసిరకం లైటు కొని మోసపోయినవాడు ఆ తరువాత మంచి సోలార్ దీపాన్నీ నమ్మడని వాళ్ల ఆందోళన. అలాంటి అనుభవాల్లోంచే ప్రపంచబ్యాంకు వారి లైటింగ్ గ్లోబల్ నాణ్యతా పరీక్షలు నిలదొక్కుకున్నాయి. మన దేశంలో బడిపిల్లల కోసం ఐఐటీ బొంబాయి నడిపిన సోలార్ దీపాల పథకం ఇంకో దారి చూపింది. దీపాలను స్థానికులే బిగించారు, చెడితే స్థానికులే బాగుచేశారు. నా దృష్టిలో ఆ ఒక్క ఏర్పాటు ఏ ప్రమాణపత్రం కన్నా ఎక్కువ విలువైనది.

నా తీర్పు ఇది. ఎల్‌ఈడీకి కరెంటును అదుపు చేసే డ్రైవర్, లిథియం సెల్లుకు కాపలా సర్క్యూటు, వేడికి తగ్గే ఏర్పాటు: ఈ మూడూ ఉండాల్సిందే, వీటి ఖరీదు గురించి బేరమాడకూడదు. జూమ్, మెరుపులు, ఎస్ఓఎస్, అయిదు నొక్కుల స్విచ్చి, జిగురుతో మూసేసిన బ్యాటరీ: వీటిలో ఒక్కదానికీ ఈ కొండల్లో పని లేదు. జిగురుతో మూసింది మరీ దండగ. రాయగడలో సెల్‌ఫోన్లు బాగుచేసే కుర్రాళ్ల చేతిలో టంకం ఉంది, నైపుణ్యం ఉంది. లోపలికి దారి లేకపోతే వాళ్లేం చేస్తారు? పారేసిన సీసపు బ్యాటరీ చివరికి వాగులోకే చేరుతుంది. వాడిన బ్యాటరీలను వెనక్కి తీసుకోవాల్సిన బాధ్యత తయారీదారుదేనని 2022 నాటి నిబంధనలు చెబుతున్నాయి కానీ, సంతలో కొన్న పేరులేని లైటుకు తయారీదారు ఎవరని వెతుకుతాం?

కోరాపుట్, జయపురం, రాయగడ, గుణుపురం ఐటీడీఏలు ఎప్పుడైనా ఆశా కార్యకర్తలకో, హాస్టలు పిల్లలకో లైట్లు కొంటే టెండరులో ల్యూమెన్లు ఎన్ని అని రాసే ముందు రెండు షరతులు రాయాలి: సెల్లు మామూలు 18650 అయి ఉండాలి, స్క్రూడ్రైవరుతో విప్పగలగాలి. ఇంటివాళ్లకు నేను చెప్పేది ఒక పెద్ద లైటు బదులు రెండు చిన్నవి కొనమని. ఒకటి లిథియంది, రోజువారీ వాడకానికి. రెండోది సంతలో దొరికే మామూలు సెల్లులతో వెలిగేది, సెల్లులు తీసి పక్కనే పొడిగా పెట్టి, గుమ్మం దగ్గర మేకుకు. ఈసారి సంతకెళ్లినప్పుడు కొట్టతన్ని ఎన్ని వాట్లని అడక్కండి. దీని సెల్లు విడిగా ఇస్తావా అని అడగండి. ఇవ్వనంటే ఆ లైటు కొనకండి.